నల్లదుంపలో పిండి

చిరంజీవి నా చిట్టితల్లిని నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ ఆయనా ఒంట్లో బాగానే ఉన్నాము. అక్కడ నీ చదువూ నీ ఆరోగ్యమూ బాగుంటే మాకు ఇంకేమీ అక్కర్లేదు. ‘బాగానే’ అన్న మాట దగ్గర కలం కాసేపు ఆగింది. ఎందుకు ఆగిందో చివరిదాకా చదివితే తెలుస్తుంది. మధ్యలో లేచి ఫోన్ చేయకు. ఫోనులో నాకు మాట రాదు. అవతల నువ్వు “ఆ, చెప్పు నాన్నా” అనగానే నాకు చెప్పాల్సిందంతా ఎగిరిపోతుంది.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు ఒక కాలు, దిగేటప్పుడు ఇంకో కాలు. కింద సైకిళ్లు బాగుచేసే అతను “తాతా, చైనుకు వేసే ఆయిల్ నీకూ రెండు చుక్కలు వేయనా?” అంటున్నాడు. కంటి మందు రోజూ వేసుకుంటున్నాను. ఒక చుక్క కంట్లో పడితే రెండు చుక్కలు చెంప మీద పడుతున్నాయి. పొద్దున వంట నాది, సాయంత్రం వంట మీ ఆయనది. ఎవరి వంట బాగుంటుందో నువ్వు అడగలేదు కాబట్టి నేను చెప్పను.

ఆఖరి ప్రశ్న కింద రెండు గీతలు గీశావు. “ఆయన ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నారు. ఏదో దాస్తున్నారు. నువ్వు కూడా దాస్తున్నావా నాన్నా?”

అవును తల్లీ. ఇద్దరం దాస్తున్నాం. అతను దాచింది ఒకటి, నేను దాచింది ఇంకొకటి.

నువ్వు నర్సింగ్‌లో పై చదువుకని వెళ్లి ఏడు నెలలైంది. నువ్వు వెళ్లాక మా మందుల కార్ఖానాలోకి ఒక కొత్త సరుకు వచ్చింది. చైనా వాళ్లు వందల ఏళ్లుగా మందులో వాడే దుంప. బస్తాల మీద అక్షరాలు ఇంటి ముందు కర్రలు పేర్చినట్టు ఉంటాయి. సరుకు పరీక్షలు చేసే మేడమ్ ఆ పేరు చక్కగా పలుకుతుంది. నాకు నోరు తిరగదు. మేమందరం నల్లదుంప అంటాం. వచ్చినప్పుడు పసుపురంగులోనే ఉంటుంది. దాన్ని తొమ్మిదిసార్లు ఆవిరి పట్టి, తొమ్మిదిసార్లు ఎండబెట్టాలి. అప్పుడు నల్లగా, జిగురుగా, తియ్యగా అవుతుంది. ఆ ఆవిరి గది మీ ఆయన చేతికిచ్చారు. తాళం కూడా అతని దగ్గరే.

ఎండిన దుంపను పొడి చేసే ముందు మేడమ్ పరీక్ష చేస్తుంది. ఆ గాజు గొట్టాలు కడిగేది నేను. రోజూ చూస్తూ ఉంటే నాకూ కొంత అర్థమైంది. పొడిని నీళ్లలో మరిగించి వడకడుతుంది. అందులో స్పిరిట్ పోస్తుంది. అప్పుడు తెల్లగా, దూదిపింజల్లా ఒకటి తేలి, మెల్లగా అడుక్కి దిగుతుంది. దుంపలోని సారం అదేనట. దాన్ని మళ్లీ నీళ్లలో కరిగించి, గొట్టాల్లో పోసి, ఫినాలు అనే మందు కొంచెం వేసి, పైనుంచి ఆసిడ్ ఒక్కసారిగా పోస్తుంది. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. నారింజ రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే చక్కెర జాతి పదార్థం అంత ఎక్కువ. మెషిన్‌లో పెడితే అంకె చూపిస్తుంది.

ఇంకో పరీక్ష చిన్నది. అయోడిన్ చుక్క. నీకు తెలిసే ఉంటుంది. పిండి ఉంటే నీలం అవుతుంది. “ఈ దుంపలో తీపి ఉంటుంది, జిగురు ఉంటుంది తాతగారూ. పిండి మాత్రం ఉండదు. నీలం కనబడిందంటే ఎవరో ఏదో కలిపారన్నమాటే” అని మేడమ్ ఒకసారి చెప్పింది. ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది.

నా సంగతి నీకు తెలుసు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని మీ అమ్మను దొంగని చేసినవాణ్ణి. మీ ఆయన మొదటిసారి మన ఇంటికి వచ్చినప్పుడు కూడా, ఇంత నవ్వేవాడు ఏదో కప్పిపుచ్చుతున్నాడని మీ అమ్మతో అన్నాను. “పళ్లు బాగున్నాయి, నవ్వుతున్నాడు. నీకేం నొప్పి?” అంది.

రెండు నెలల కిందట నా అనుమానం మళ్లీ లేచింది. ఆవిరి గది గుమ్మం దగ్గర చీమలు. ఒకటీ రెండూ కాదు, గోడ పొడుగునా నల్లదారం కట్టినట్టు. తలుపు ఎప్పుడూ తాళమే. నేను వెళ్లి కొడితే “ఒక్క నిమిషం మామయ్యా” అంటాడు. ఆ నిమిషంలో లోపల ఏదో సర్దుతున్న చప్పుడు. బయటికి వచ్చినప్పుడు అతని వేళ్లకు తెల్లగా ఏదో అంటుకుని ఉంటుంది. ఒక పొద్దున అతను స్నానానికి వెళ్లినప్పుడు సంచి తెరిచి చూశాను. తప్పే. చూశాను. అన్నం డబ్బా కింద పంచదార పొట్లం ఉంది. మర్నాడు చూస్తే సగమైంది. మూడోరోజుకి లేదు. నాలుగోరోజు కొత్త పొట్లం.

నువ్వయితే నేరుగా అడిగేదానివి. నాకు అడగడం చేతకాదు. నాకు చూడడమే వచ్చు. ఇంట్లో చక్కెర డబ్బా లేపి బరువు చూసుకునేవాణ్ణి. అతను టీ కలుపుతుంటే చెంచాలు లెక్కపెట్టేవాణ్ణి. పోయిన నెల పదో తారీఖు దాకా ఇదే నా పని.

ఆ పదో తారీఖు సోమవారం మేడమ్ పరీక్ష పెట్టింది. ఒక్కో బస్తా పొడికి మూడేసి గొట్టాలు. మూడూ ఒకే రంగు చూపాలి. చూపలేదు. ఒకటి లేత నారింజ, ఒకటి ముదురు, ఒకటి ఇటుక రంగు. మేడమ్ ముఖం మాడిపోయింది. “ఒకే బస్తా. మూడు గొట్టాలు మూడు మాటలు చెబుతున్నాయి” అంది. తర్వాత ఇంకొన్ని గొట్టాల్లో పొడి కలిపిన నీళ్లు పోసి అయోడిన్ వేసింది. ఐదు బస్తాల్లో మూడింటికి నీలం. పోల్చుకోవడానికి మేడమ్ తన సొరుగులో దాచుకునే ఒక గొట్టం ఉంది. దాన్ని తనే కడుక్కుంటుంది. ఉత్త నీళ్లు పోసిన ఆ గొట్టం మాత్రం శుభ్రంగా ఉంది. అంటే మందుల్లో తేడా లేదు. తేడా దుంపలోనే ఉందని అందరూ అనుకున్నారు.

నా గుండె దడదడలాడింది. భయంతో కాదు తల్లీ. నిజం చెప్పాలంటే, నేను అనుకున్నదే నిజమైందన్న ఒక రకం సంతోషంతో. రాయడానికి సిగ్గుగా ఉంది. రాసేశాను.

మర్నాడు పంచదార పొట్లం సంగతి మేడమ్ చెవిన పడింది. మీ ఆయన్ని పిలిపించారు. మా సూపర్‌వైజర్ నీకు గుర్తున్నాడు కదా, ఎవరేమన్నా “అవునవును” అంటాడు. అతనూ వచ్చి నిలబడ్డాడు. నేను పక్కనే సింకు దగ్గర ఉన్నాను. వెనక్కి తిరగలేదు.

“ఈ పంచదార ఎందుకు తెస్తున్నావు?” అంది మేడమ్.

“చీమల కోసం మేడమ్.”

“చీమల కోసమా?”

“అవునండీ. దుంప జిగురుకి చీమలు పడుతున్నాయి. మందు చల్లితే దుంపకి అంటుకుంటుంది. అందుకని బయట మూలన రెండు చోట్ల పంచదార పోస్తున్నాను. అటు పోతాయి, దుంప జోలికి రావు.”

సూపర్‌వైజర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “అవునవును. చీమలకు పంచదార. ఏనుగులొస్తే చెరుకుగడలు తెస్తావా అబ్బాయ్?”

“ఏనుగులు రావు సార్. తలుపు తీసి పెడితే మీరొస్తారు. నడుంనొప్పికి మంచిదని పోయిన వారం పదిహేను దుంపలు నమిలారు. తాళం అందుకే వేస్తున్నాను.”

నవ్వు ఆగిపోయింది. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. బుధవారం నుంచి పనిలోకి రావద్దన్నారు. యజమాని వచ్చి చూసేదాకా బస్తాలు పక్కన పెట్టారు. పిండి కలిపినట్టు రుజువైతే పని పోవడమే కాదు, పోలీసులకు ఇస్తామన్నారు. ఇక ఏ మందుల కార్ఖానాలోనూ అతన్ని గేటు దాటనివ్వరు. నీ చదువు మధ్యలో ఉంది, నీకు చెప్పొద్దని ఆ సాయంత్రం నా ముందు చేతులు పట్టుకున్నాడు. అతను దాచింది ఇదే. ఫోన్ త్వరగా పెట్టేసింది నువ్వు గొంతులో తేడా పట్టేస్తావని.

ఆ రోజుల్లో మా ఇల్లు ఎలా ఉందో చెప్పలేను. అతను పొద్దున్నే లేచి గది ఊడ్చేవాడు. నీ కుండీలో మొక్కకు నీళ్లు పోసేవాడు. నా డబ్బాలో అన్నం సర్ది మూత పెట్టేవాడు. నేను పనికి వెళ్లేవాణ్ణి, అతను ఇంట్లో ఉండేవాడు. “నువ్వయినా నమ్ముతావా మామయ్యా?” అని ఒక్కసారి అడిగాడు. నేను మెట్లు దిగుతున్నాను. వినబడనట్టు దిగిపోయాను. చెవులు నాకు బాగానే వినబడతాయని అతనికీ తెలుసు.

ఇప్పుడు నా సంగతి.

కడిగిన గొట్టాలను ఒక వేడి పెట్టెలో పెట్టి ఆరబెడతాం. ఆ సోమవారానికి ముందు వారం అది పాడైంది. బోర్లిస్తే ఒక రోజంతా పడుతుంది. మేడమ్‌కి తొందర. అందుకని ఇంట్లో పాత నూలు దుప్పటి చింపి, ముక్కలు చేసి, సన్నటి పుల్లకు చుట్టి గొట్టాల లోపలంతా తుడిచాను. ఉత్త గుడ్డయితే నూగు అంటుకుంటుంది. మీ అమ్మ అద్దాలు తుడిచే గుడ్డకు ఎప్పుడూ గంజి పెట్టేది, నూగు లేవదని. నేనూ అలాగే చిక్కగా గంజి పెట్టి, ఎండబెట్టి, ఆ గుడ్డతో తుడిచాను. “అద్దాల్లా ఉన్నాయి తాతగారూ” అని మేడమ్ మెచ్చుకుంది. ఎలా ఆరబెట్టానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ మెప్పుతో ఆ రోజు రెండు మెట్లు ఒకేసారి ఎక్కాను.

మీ ఆయన్ని రావద్దన్న తర్వాత వచ్చిన శనివారం, మేడమ్ చెయ్యి తగిలి అయోడిన్ సీసా ఒరిగింది. బల్ల మీద గోధుమరంగు మడుగు. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. నేను జేబులోంచి గంజి గుడ్డ తీసి తుడిచాను. గుడ్డ గోధుమరంగు కాలేదు తల్లీ. నీలం. తర్వాత సిరా ఒలికినట్టు నల్లనీలం.

గంజి అంటే పిండే కదా. నేను గొట్టాల్లోకి పిండి పూసి, అది దుంపలో ఉందని ఇంటి మనిషిని దొంగని చేశాను. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను. మేడమ్ వచ్చి “అరె, శుభ్రంగా తుడిచారే” అంది. “ఆ” అన్నాను. అంతే. అప్పుడే చెప్పి ఉండాల్సింది. గాజు కడగడం తప్ప నాకు ఇంకో పని రాదు, అదీ పోతే అని ఒక భయం. ఇన్నాళ్లూ తెలివైనవాణ్ణని లోలోపల మురిసిన ముసలాణ్ణి, అదొక సిగ్గు.

ఆదివారం మీ ఆయన నా చొక్కా ఉతకడానికి తీశాడు. జేబులో గుడ్డ దొరికింది.

“ఇదేం సిరా మామయ్యా?”

“సిరానే.”

“కలం జేబులో పెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఆగు, చూద్దాం.” వేడినీళ్లు కాచి అందులో వేశాడు. కర్రతో రెండుసార్లు తిప్పాడు. నీలం నా కళ్ల ముందే పలచబడి, పలచబడి, పోయింది. నీళ్లు పారబోసి, గుడ్డ పిండి, తెల్లగా ఉన్నదాన్ని నాకు చూపించి నవ్వాడు. “చూశావా, మరక లేదు. నీ కూతురు వచ్చాక నా పనితనం చెప్పాలి నువ్వు.”

తన తప్పు లేదని చెప్పే ఒక్క సాక్ష్యాన్ని తన చేతులతోనే ఉతికి తీగ మీద ఆరేశాడు. ఇక నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సోమ, మంగళ రెండు రోజులు ఆ మాట నాతోపాటు తిన్నది, నాతోపాటు పడుకున్నది. మంగళవారం పొద్దున ఇంట్లో చక్కెర డబ్బా తీసి కొంచెం కాగితంలో కట్టుకుని పనికి పట్టుకెళ్లాను. అతను లేని ఆవిరి గది దగ్గర, అతను చెప్పిన మూలల్లో పోశాను. మధ్యాహ్నానికి నల్లదారం దుంపల వైపు నుంచి విడిపోయి అటు తిరిగింది. చీమలు అతని మాట వింటున్నాయి. నేను వినలేదు.

బుధవారం మేడమ్ గది తలుపు కొట్టాను. గుడ్డ బల్ల మీద పెట్టాను. ఎండబెట్టి ఇంకోసారి గంజి పెట్టి తెచ్చాను.

“దీని మీద ఒక చుక్క వేయండి మేడమ్.”

వేసింది. చూసింది. నావైపు చూసింది. తర్వాత పది గొట్టాలు తీసింది. ఐదు నాతో తుడిపించింది, ఐదు బోర్లించి ఆరబెట్టించింది. గురువారం అన్నింట్లోనూ ఉత్త నీళ్లు పోసి, దుంప అన్నది లేకుండానే, ఫినాలూ ఆసిడూ పోసింది. ఆరబెట్టినవి నీళ్లలాగే ఉన్నాయి. నేను తుడిచినవి ఐదూ నారింజ రంగు, ఒక్కోటి ఒక్కో ముదురు. ఎక్కడ ఎక్కువ రుద్దానో అక్కడ ఎక్కువ. ఆ బస్తాలన్నీ కొత్త గొట్టాల్లో మళ్లీ పరీక్ష పెట్టింది. నీలం ఎక్కడా లేదు. మూడు గొట్టాలూ ఒకటే మాట చెప్పాయి.

“తప్పు నాది కూడా తాతగారూ. ఎలా ఆరబెడుతున్నారని నేను అడగాల్సింది” అంది. తిట్టి ఉంటే బాగుండేది. సూపర్‌వైజర్ మాత్రం “అవునవును, ఆ అబ్బాయి అలాంటివాడు కాదని నేను మొదటే అనుకున్నాను” అన్నాడు.

శుక్రవారం మీ ఆయన్ని పిలిచారు. గంజి గుడ్డ సంగతి మేడమే అతనికి చెప్పింది. అతను నా సింకు ముందునుంచే ఆవిరి గదికి వెళ్లాడు, నన్ను చూడలేదు. కాసేపటికి వెనక్కి వచ్చాడు.

“మూలన పంచదార ఎవరు పోశారు?”

“నేనే.”

“గుప్పెడు పోశావు. చిటికెడు చాలు మామయ్యా. ఇంతింత పోస్తే ఊళ్లో చీమలన్నీ మనకే చుట్టాలవుతాయి.”

అంతే అన్నాడు. నేను నీళ్ల కుళాయి పెద్దగా తిప్పి, గొట్టాలు కడుగుతూ నిలబడ్డాను.

ఇక్కడితో ఈ ఉత్తరం ఆపేయొచ్చు. ఆపితే నువ్వు సంతోషిస్తావు. కానీ పైన ఒకచోట, పంచదార పొట్లం సంగతి మేడమ్ చెవిన పడింది అని రాశాను. మాటలు వాటంతటవే నడుచుకుంటూ వెళ్లి చెవిలో పడవు. వేసింది నేను.

పరీక్ష పెట్టిన మర్నాడు, ఆ మంగళవారం, మేడమ్ “ఆవిరి గదిలోకి ఎవరెళ్తారు తాతగారూ?” అని మామూలుగా అడిగింది. తాళం అతని దగ్గరే అని చెప్పి ఊరుకోవచ్చు. నేను కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, “అతని సంచిలో పంచదార పొట్లం చూడండి” అన్నాను. ఎప్పుడూ నోరు విప్పనివాణ్ణి, నీ జీవితంలోకి వచ్చిన మనిషి మీద నోరు విప్పాను.

ఇది మేడమ్‌కి తెలుసు, ఆమె ఎవరికీ చెప్పలేదు. మీ ఆయనకు తెలియదు. నిన్న సాయంత్రం నా మోకాలికి నూనె రాస్తూ, “ఆ అవునవునుగాడే నా సంచి వెతికి ఉంటాడు మామయ్యా. పోనీలే, నడుంనొప్పి మనిషి” అన్నాడు. రాస్తున్నంతసేపూ నేను గోడ వైపు చూశాను. నొప్పిగా ఉందా అని అడిగాడు. లేదన్నాను.

ఎదురుగా చెబుదామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రెండుసార్లూ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఇక నా వల్ల కాదు. అందుకని ఈ ఉత్తరం కవర్లో పెట్టి, అతికించకుండా అతని చేతికిస్తున్నాను. పోస్టులో వేసే ముందు చదవమని చెబుతాను. ఆ ఒక్క మాట చెప్పగలను.

నీకు వచ్చేటప్పటికి కవరు అతికించి ఉంటుంది. నా సంతకం కింద నాలుగు వేళ్ల జాగా వదిలాను. అతను ఏదైనా రాస్తే నువ్వు చదువు. ఖాళీగా వస్తే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి తల్లీ, అతనికి. నాకు కాదు.

ఇట్లు,
నీ మంచి కోరి, నీ ఇంటి మనిషిని నమ్మలేకపోయిన
నాన్న